మన చుక్క ఎందుకు ఆలస్యమైంది

బందరు,
4-12-1961

చిరంజీవి హన్నాకు,

మావయ్య ఆశీస్సులు. నా కుడి కన్ను తప్ప ఇంటిల్లిపాదీ బాగున్నాం. కంట్లో పొర ఇంకా ముదరలేదనీ, ముదిరాకే తియ్యాలనీ డాక్టరు గారంటున్నారు. పనసకాయ సంగతి మాట్లాడుతున్నట్టే ఉంటుంది ఆయన వరస. ఎడమ కంటితో పేపరు చదువుకుంటున్నాను, కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, మీ అత్తయ్యతో పోట్లాడుతున్నాను. చుక్కలు చూడటానికి మాత్రం అది చాలడం లేదు.

అందుకే టెలిస్కోపు నీకు పంపాను. పెట్టె అవనిగడ్డ బస్సు మీదకి ఎక్కిస్తుంటే కండక్టరు, "హార్మోనియమాండీ మేష్టారూ?" అని అడిగాడు. అవునన్నాను. టెలిస్కోపంటే ఏ మూలకో తోసేస్తాడు, హార్మోనియమైతే భక్తిగా చూస్తాడు.

పని నీకు కొత్తది కాదు. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని నేర్చుకున్నదే. పుష్యమి చుక్కలకు కొంచెం ఉత్తరంగా మన చుక్క ఉంటుంది. దానికి పేరు లేదు, పట్టికలో ఒక నంబరుంది, అంతే. అది మూడు గంటలకు ఒకసారి ఉబ్బి తగ్గుతూ ఉంటుంది, దాంతోపాటు వెలుగూ పెరిగి తరుగుతుంది. పక్కనే ఎన్నడూ మారని చుక్కలు రెండున్నాయి, ఒకటి కాస్త వెలుగెక్కువది, ఒకటి తక్కువది. అయిదేసి నిమిషాలకు మన చుక్క ఆ రెంటి మధ్య ఎక్కడుందో అంచనా వేసి, టైము రాసి పంపు. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, అది పూర్తిగా వెలిగిన టైము ఏదో నేను తేలుస్తాను. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వచ్చే తేడా కూడా నేనే తీసేస్తాను. కన్ను నీది, లెక్క నాది.

ఇక రెండో సంగతి. సుందరరాజు అని కలెక్టరాఫీసులో పనిచేసే అబ్బాయి ఉన్నాడు. మన చర్చి సంఘం వాళ్ళే. మీ అత్తయ్యకు బాగా నచ్చాడు. ఈస్టరు లోపల మాట ఇమ్మంటున్నారు వాళ్ళు. అమ్మా నాన్నా లేని పిల్లవు, మా చేతుల మీద పెరిగావు, నిన్ను తొందరపెట్టడం నాకిష్టం లేదు. అయినా పాతికేళ్ళొచ్చాయి కదా, నీ మనసులో ఏముందో రాయి. నీకు తోడుగా వచ్చిన మా అమ్మను చలిలో తిప్పకు.

నీ మావయ్య
సత్యానందం


కోడూరు,
8-1-1962

మావయ్య గారికి,

హన్నా వందనాలు. హార్మోనియం క్షేమంగా చేరింది. కండక్టరు దాన్ని తన సీటు మీద పెట్టి, తను నిలబడి వచ్చాడు. పైగా, "ఆదివారం పాటలకి మేమూ వస్తామండీ టీచరుగారూ" అన్నాడు. ఇప్పుడు నేను హార్మోనియం కూడా నేర్చుకోవాలి.

మేమున్న ఇంటి వెనక కళ్ళం ఉంది. నూర్పులు అయిపోయాయి కాబట్టి ఖాళీగానే ఉంది. చుట్టూ దీపమన్నది లేదు. బందరులో మనకు ఎప్పుడూ కనిపించనన్ని చుక్కలు ఇక్కడ కనిపిస్తున్నాయి, మొదటి రోజు మన చుక్కను ఆ గుంపులో వెతుక్కోవడానికే గంట పట్టింది. కనిపించినప్పుడు మాత్రం ఎంత సంతోషమైందో చెప్పలేను. అమ్మమ్మ నులకమంచం మీద దుప్పటి కప్పుకుని పక్కనే కూర్చుంటుంది. లోపల పడుకోమంటే వినదు. "ఆ చుక్కని చేసినాయనకి తెలీదంటే దాని సంగతి? మధ్యలో మీ మావయ్యకెందుకే?" అంటుంది. అంటూనే, "ఇప్పుడు పెరిగిందా, తరిగిందా?" అని నిమిషానికోసారి అడుగుతుంది.

అయిదు రోజుల లెక్కలు ఈ కవర్లో పెట్టాను. గడియారం గురించి బెంగ పెట్టుకోకండి, రోజూ పొద్దున సరిచేస్తున్నాను.

సుందరరాజు గారికి చుక్కలంటే ఇష్టమేనా? ఊరికే అడిగాను.

మీ
హన్నా


బందరు,
17-1-1962

చిరంజీవి హన్నాకు,

నీ లెక్కలు చూసి నాకు ఆ రెండో కన్ను కూడా తిరిగింది. మన చుక్క ఒక రోజు ఇరవై నిమిషాలు ముందే వచ్చింది, మర్నాడు నలభై, ఆ తర్వాత పది, మళ్ళీ ముప్ఫై అయిదు. మూడు చలికాలాలు నేను స్వయంగా చూసిన చుక్క అది. గుడివాడ జంక్షన్లో రైలు తప్పుతుందేమో గానీ అది తప్పదు. కోడూరు వెళ్ళగానే దానికి ఈ తొందర ఎక్కడినుంచి వచ్చింది? తప్పు నీ గడియారానిది. రోజూ సరిచేస్తున్నానన్నావు, దేన్ని చూసి సరిచేస్తున్నావు? వెంటనే రాయి.

నువ్వడిగిన మాట సుందరరాజును అడిగాను. చుక్కలంటే ఇష్టమేనట. ప్రతి క్రిస్మసుకూ గుమ్మానికి కాగితపు చుక్క కట్టిస్తాడట. మంచివాడు, మర్యాదస్తుడు. ఆ జవాబు విని మీ అత్తయ్య మురిసిపోయింది, నేను ఇంకో గ్లాసు కాఫీ అడిగాను.

నీ మావయ్య


కోడూరు,
12-2-1962

మావయ్య గారికి,

వందనాలు. ఇది చదివి నవ్వనని మాటిస్తేనే కింది పేరా చదవండి.

మా మిషను బడికీ గుడికీ కలిపి ఒకటే గంట. దైవాధీనం అనే పెద్దాయన కొడతాడు. ఆ గంట వినగానే నేను గడియారాన్ని సరిగ్గా తొమ్మిదికి తిప్పుకుంటూ వచ్చాను. మీ ఉత్తరం వచ్చాక వెళ్ళి ఆయన్ని అడిగాను, తొమ్మిదైందని నీకెలా తెలుస్తుందీ అని. "అదేంటమ్మగారూ, హెడ్మాస్టరుగారు అవనిగడ్డ బస్సు దిగుతారు గదా, అప్పుడు కొడతాను" అన్నాడు. మరి బస్సు ఆలస్యమైతే అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, "ఆయన రాకుండా తొమ్మిదెట్టా అవుద్దండీ?" అన్నాడు.

అదండీ సంగతి. ఆకాశంలో ఉన్న చుక్కను నేను అవనిగడ్డ బస్సుతో కట్టేశాను. మీరు తిట్టకముందే నన్ను నేను తిట్టుకున్నాను, అమ్మమ్మ మాత్రం రెండు రోజులు నవ్వింది.

అయితే ఇప్పుడు దారి దొరికింది. మా పంచాయతీ ఆఫీసులో సర్కారు వారి రేడియో ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇంతలో ఈ అష్టగ్రహ కూటమి వచ్చింది కదా. ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరి లోకం ముగిసిపోతుందని ఇక్కడ గగ్గోలు. సైన్సు టీచర్ననీ, టెలిస్కోపు ఉందనీ అందరూ నా దగ్గరకే వచ్చారు. ఏమీ కాదని చెప్పాను. "మీరు చెబితే సరిపోద్దా, రేడియోలో చెప్పాల" అన్నారు. లోకం ముగిసే కబురు ముందుగా వినడం కోసం ప్రెసిడెంటు గారు గుడివాడకు మనిషిని పంపి రేడియో మెకానిక్కును పిలిపించారు. ఆయన వచ్చి కొత్త బ్యాటరీ వేశారు. లోకం ముగియలేదు, రేడియో మిగిలింది. వార్తలకు ముందు విజయవాడ కేంద్రం వేసే పీప్ శబ్దాలతో ఇప్పుడు నా గడియారం సరిపోతోంది.

మెకానిక్కు పేరు ప్రకాశరావు గారట.

పాత లెక్కలన్నీ చింపేయండి. కొత్తవి పంపుతాను.

మీ
హన్నా


బందరు,
14-3-1962

చిరంజీవి హన్నాకు,

మాట తప్పాను. నవ్వాను. కాలేజీలో కూడా అందరికీ చెప్పాను. ఇప్పుడు మా డిపార్టుమెంటులో ఎవరైనా ఆలస్యంగా వస్తే, "ఆయన రాకుండా తొమ్మిదెట్టా అవుద్దండీ" అంటున్నారు.

నీ కొత్త లెక్కలు గ్రాఫు మీద వేశాను. చూడముచ్చటగా ఉన్నాయి. ఇరవయ్యేళ్ళు చుక్కలు చూసిన వాడిని, నా కాగితాల్లో కూడా ఒక్కరోజూ ఇంత నునుపుగా గీత రాలేదు. అయితే హన్నా, మన చుక్క ఇప్పటికీ టైముకు రావడం లేదు, ఈసారి ఆలస్యంగా వస్తోంది. ఇప్పుడది ఇష్టమొచ్చినట్టు కాదు, ఏ రోజు చూసినా ఒకటే లెక్క, నేను చూసిన రోజులతో పోలిస్తే పద్నాలుగు నిమిషాలు. రేడియోని నమ్మాలి, నిన్ను నమ్మాలి, నా పాత లెక్కల్నీ నమ్మాలి. మూడింటినీ ఒకేసారి నమ్మితే ఆ చుక్కకు ఏదో అయినట్టే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడిలాగా, నీ గడియారమే తప్పని వారం రోజులు మొండికేశాను. ఇప్పుడు ఓడిపోయాను. నీకేమనిపిస్తోంది?

ఇంకో మాట. టైము ఎవరు చదువుతున్నారు?

ఈస్టరు దగ్గరపడుతోంది. సుందరరాజు నాన్నగారు నిన్న గుడి దగ్గర కనిపించి అడిగారు. ఈ సంగతి నువ్వు ఒక్క ఉత్తరంలోనూ తిన్నగా రాయలేదు. మీ అత్తయ్య, పిల్ల సిగ్గుపడుతోందంటుంది. నాకు తెలిసిన హన్నా సిగ్గుపడితే మొహం మీదే చెబుతుంది.

నీ మావయ్య


కోడూరు,
22-3-1962

మావయ్య గారికి,

వందనాలు. నాకనిపించింది రాస్తాను, తప్పయితే చెవి మెలిపెట్టండి.

భూమి తిరగడం వల్ల మనమే చుక్కకు కొంచెం దగ్గరగా, కొంచెం దూరంగా వెళ్తుంటామనీ, ఆ తేడాను తీసేస్తున్నాననీ మీరు రాశారు. మరి ఆ చుక్క కూడా తిరుగుతోందేమో. దాని పక్కన మనకు కనిపించని ఇంకో చుక్క ఉండి, రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయనుకోండి. మీరు చూసినప్పుడు మన చుక్క ఇవతలి వైపుంది. ఇప్పుడు అవతలి వైపుకు వెళ్ళింది. అంత దూరం ఎక్కువ నడవాలి కాబట్టి దాని వెలుగు ఆలస్యంగా అందుతోంది. చుక్క తన పని తాను టైముకే చేస్తోంది, కబురే ఆలస్యం. నిన్న రాత్రి భోజనం చేస్తూ ఇదంతా అమ్మమ్మకు చెప్పాను. "కనపడందాన్ని ఉందంటావేంటే?" అంది. కనపడని దేవుణ్ణి నువ్వు నమ్మడం లేదా అన్నాను. నా పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసింది.

టైము అమ్మమ్మే చదువుతోంది. లాంతరు పక్కన పెట్టుకుని గడియారం చూసి చెబుతుంది.

బడిలో పరీక్షలొచ్చాయి. పేపర్లు కుప్పలు పడి ఉన్నాయి. మిగిలిన విషయాలు తీరిగ్గా రాస్తాను.

మీ
హన్నా


బందరు,
30-3-1962

చిరంజీవి హన్నాకు,

ముందు చుక్క సంగతి. నువ్వు రాసింది చదివి లేచి, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. సూర్యుడి వెలుగు మనకు ఎనిమిది నిమిషాల్లో చేరుతుంది. పద్నాలుగు నిమిషాలంటే అంతకు దాదాపు రెట్టింపు దూరం. జతగా తిరిగే చుక్కలకు అది ఎక్కువ కాదు. పాత కాగితాలు తీసి చూస్తే నా లెక్కల్లోనూ రెండు మూడు నిమిషాల తేడాలు అటూ ఇటూ ఉన్నాయి. వాటిని కలుపుకుంటే అయిదేళ్ళకు ఒక చుట్టు తిరుగుతున్నట్టు తేలుతోంది. దీని విలువ నీకు తెలుసా? ఎంత దూరం జరిగింది, ఎన్నేళ్ళలో తిరిగింది అన్నది తెలిస్తే, కనపడకుండా దాన్ని లాగుతున్న చుక్క బరువు లెక్కకట్టొచ్చు. మన చుక్క ఎంత తొందరగా ఉబ్బి తగ్గుతోందన్న దాన్నిబట్టి అదెంత చిక్కటిదో తెలుస్తుంది. ఒంటరి చుక్కయితే ఊరికే మిణుకుమంటూ ఉంటుంది, దాన్ని తూచడానికి మన దగ్గర తక్కెడ లేదు. పక్కన జత ఉంటేనే బరువు తెలిసేది. నిన్ను చూసి గర్వంగా ఉంది, ఈ మాట రెండోసారి అడిగితే చెప్పను.

నా లెక్క నిజమైతే వచ్చే చలికాలానికి ఆలస్యం తగ్గడం మొదలవ్వాలి. తగ్గితే మనం గెలిచినట్టు. హైదరాబాదులో చుక్కల్ని చూసే వేధశాల వారికి ఈ రోజే రాశాను.

ఇప్పుడు నీ సంగతి. టైము అమ్మమ్మ చదువుతోందన్నావు. మా అమ్మకు పాటల పుస్తకంలో పెద్దక్షరాలు కనిపించక పదేళ్ళయింది. ఆవిడ గుడిలో పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడటం నేను కళ్ళారా చూశాను. లాంతరు వెలుగులో సెకండ్ల ముల్లు ఆవిడకెలా కనిపించింది? ఇకనుంచి అబద్ధమాడేటప్పుడు మంచి కన్నున్న వాళ్ళను ఎంచుకో.

ఒంటరిగా చుక్కను చూసేవాడి కష్టం నాకు తెలుసు. కన్ను టెలిస్కోపు దగ్గర్నుంచి తీసి, దీపం దగ్గర గడియారం చూసి, మళ్ళీ చీకట్లోకి చూస్తే కాసేపు ఏమీ కనిపించదు. అప్పుడు వేసే అంచనాలు గెంతుతూ ఉంటాయి. నా కాగితాలన్నీ అలాంటివే. నీవి జనవరిలో అలాగే ఉన్నాయి. ఫిబ్రవరి రెండో వారం నుంచి అన్నీ కాదు గానీ, కొన్ని రాత్రులు మాత్రం గీత గీసినట్టున్నాయి. ఆ రాత్రుల్లో ఎవరో పక్కన కూర్చుని, దీపం నీ కంట పడకుండా టైము చదువుతున్నారు. ఒక రాత్రి రెండుచోట్ల "టైము తప్పింది" అని కూడా రాసుంది. మా అమ్మ ఆ మాట ఒప్పుకునే మనిషి కాదు.

కనపడకపోయినా లెక్కలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే. ఈ తర్కం నువ్వు చెప్పిందే కాబట్టి కాదనలేవు. గుమ్మడికాయల దొంగ ఎవరో నేననను, భుజాలు నువ్వే తడుముకో. ఈస్టరుకు ముందు వారంలో సుందరరాజు వాళ్ళు మాట కోసం వస్తారు. వాళ్ళొచ్చే లోపల నాకు నిజం కావాలి. కోపంగా లేను. కోపం వస్తుందో రాదో నీ ఉత్తరం చూశాక తెలుస్తుంది.

నీ మావయ్య


కోడూరు,
4-4-1962

మావయ్య గారికి,

మీరెంతో ప్రేమగా పెంచిన హన్నా వందనాలు.

ఆయనే. రేడియో మెకానిక్ ప్రకాశరావు గారు. దివిసీమలో పంచాయతీ రేడియోలన్నీ ఆయనే చూస్తారు. లోకం ముగియని ఆ సాయంత్రం బస్సు తప్పిపోయి ప్రెసిడెంటు గారింట్లో ఉండిపోయారు. అమ్మమ్మ ఆయన్ని మన సంఘం కుర్రాడనుకుని భోజనానికి పిలిచింది. కళ్ళంలో నేను పడుతున్న అవస్థ చూసి, "నేను టైము చదవనాండీ?" అన్నారు. గడియారాన్ని ఒక డబ్బాలో పెట్టి, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూస్తూ, మూడు గంటలు టైము తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రోజు నేను మొదటిసారిగా కన్ను తియ్యకుండా మన చుక్క పెరిగి తరగడం మొత్తం చూశాను. నాకు ఏడుపొచ్చింది మావయ్యా. అంత బాగుంది.

తర్వాత బ్యాటరీ చూడటానికి వచ్చారు. ఒకసారి వేస్తే ఆ బ్యాటరీ నెలల తరబడి వస్తుందట, అయినా పదిహేను రోజులకోసారి చూడటానికొచ్చారు. వచ్చినప్పుడల్లా అమ్మమ్మ మా ఇద్దరి మధ్య మంచం వేసుకుని, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. అబద్ధం రాయమన్నది అమ్మమ్మే. "మీ మావయ్యకి నే చెబుతాలే, ముందు ఈ మాట రాసెయ్" అంది. నన్ను తిట్టండి, ఆవిణ్ణి ఏమీ అనకండి.

పోయిన వారం ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగారు. మావయ్యకు చెప్పకుండా మాటివ్వనన్నాను. చెప్పడానికే భయమేసింది. ఆయన డిగ్రీ చదవలేదు, మెట్రిక్ పాసయి పని నేర్చుకున్నారు. పైగా బాప్టిస్టులు. నీళ్ళలో ముంచితే గానీ బాప్తిస్మం కాదంటారు. అత్తయ్య ఊరుకోదని తెలుసు.

మీకిష్టం లేని పెళ్ళి నేను చేసుకోను. కానీ సుందరరాజు గారికి మాత్రం మాటివ్వకండి. ఆయన మంచివారే, గుమ్మానికి చుక్క కట్టిస్తారు. నా పక్కన కూర్చుని నా చుక్కను నాతో చూడనిచ్చే మనిషి నాకు దొరికాడు, ఇంకొకరితో నేనుండలేను. ఇంతకంటే సిగ్గు లేకుండా ఎలా రాయాలో నాకు తెలియదు.

మీ
హన్నా


గుడివాడ, రైల్వే స్టేషను,
11-4-1962

చిరంజీవి హన్నాకు,

బందరు రైలు రావడానికి ఇంకా టైముంది. బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో రేడియో పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే రేడియోని తిట్టు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "వెళ్ళి చూసి రండి, ఊరికే కూర్చుంటే ఎట్టా" అంది. ఉత్త చేతులతో ఎలా వెళ్ళనని ఇంట్లో రేడియో చంకనెత్తుకుని బయల్దేరాను. ఈ రేడియోకి ఏ జబ్బూ లేదు.

బజారులో అతని దుకాణం కనుక్కున్నాను. సర్కారు పని లేనప్పుడు అన్నగారితో కలిసి అక్కడ కూర్చుంటాడట. పేరు చెప్పకుండా రేడియో బల్ల మీద పెట్టి, పాడైంది, బాగుచెయ్యమన్నాను. విప్పాడు, చూశాడు, మళ్ళీ బిగించాడు. "దీనికేం లేదండీ, బానే ఉంది" అన్నాడు. లేదయ్యా, గొంతు మారింది, ఏదో ఒకటి చెయ్యమన్నాను. "బాగున్నదాన్ని బాగుచెయ్యడం నాకు రాదండీ" అన్నాడు. ఆ తర్వాత కుర్చీ తెచ్చి వేసి, "కూర్చోండి సత్యానందం మేష్టారూ" అన్నాడు. నన్నెలా గుర్తుపట్టావని అడిగితే, తల పక్కకు తిప్పి ఎడమ కంటితో చూస్తారని నువ్వు చెప్పావట. నా గురించి ఇంకేమేం చెప్పావో నేనడగలేదు.

నేనడగాలనుకున్నది ఒక్కటే. మార్చి నెలలో ఒక రాత్రి రెండుచోట్ల టైము తప్పిందని రాశారు కదా, ఏమైందన్నాను. మొహం ఎర్రబడింది. "ఒకసారి పెద్దావిడ దగ్గుతుంటే నీళ్ళిచ్చానండీ. రెండోసారి మాత్రం ఆవిడ వంక చూస్తూ ఉండిపోయాను, ముల్లు దాటిపోయింది" అన్నాడు. ఆవిడంటే నువ్వు. పక్క టైములు తెలుసు కదా, మధ్యది ఊహించి చెప్పొచ్చు కదా అన్నాను. "చూడని టైము చెబితే ఆవిడ లెక్కంతా పాడైపోద్దిగదండీ" అన్నాడు.

హన్నా, ముప్ఫయ్యేళ్ళుగా కాలేజీలో కుర్రాళ్ళ చేత ప్రయోగాలు చేయిస్తున్నాను. చూడనిదాన్ని చూడలేదని రాసినవాడు వందకొకడుంటే గొప్ప. మిగిలినవాళ్ళంతా మధ్యది ఊహించి రాస్తారు, నేనూ చూసీ చూడనట్టు మార్కులేస్తాను. తప్పయితే తప్పని నీతో చెప్పే మనిషి నీ పక్కన ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. డిగ్రీ సంగతి మీ అత్తయ్యకు నేను సర్దిచెబుతాను.

వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మగారు పులుసుతో భోజనం పెట్టి, మీరు తల మీద నీళ్ళు చిలకరించే వాళ్ళటగదా అని కాస్త అనుమానంగానే అడిగారు. అవునమ్మా, మేం చిలకరించేవాళ్ళం, మీరు ముంచేవాళ్ళు, కృష్ణకు వరదొస్తే దివిసీమలో అందరం మునిగేవాళ్ళమే అన్నాను. ఆవిడ నవ్వింది. నవ్విన ఇంటికి పిల్లనివ్వొచ్చు.

సుందరరాజు నాన్నగారికి రేపు నేనే వెళ్ళి చెబుతాను. నొచ్చుకుంటారు, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ప్రకాశరావుకు నువ్వు మాటిచ్చుకో. మీ అత్తయ్య తరఫునా, లేని మీ అమ్మా నాన్నల తరఫునా నేను సరేనంటున్నాను.

రైలొస్తోంది. ఈ రేడియో మొయ్యలేక చస్తున్నాను.

నీ మావయ్య


కోడూరు,
15-4-1962

మావయ్య గారికి,

మీ ఉత్తరం బడిలో ఉండగా వచ్చింది. అయిదో క్లాసు ముందు నిలబడి చదివాను. పిల్లలు, "టీచరుగారండీ, ఎందుకేడుస్తున్నారండీ?" అన్నారు. సంతోషమొచ్చిందన్నాను. సెలవిచ్చేయమన్నారు. నా సంతోషానికి హెడ్మాస్టరు గారు సెలవివ్వరు కదా, అందరి చేతా పాట పాడించాను.

అమ్మమ్మ తన గొప్పే అంటోంది. "నే భోజనానికి పిలవకపోతే నీ పెళ్ళెక్కడిదీ, నీ చుక్కెక్కడిదీ?" అంటోంది.

అత్తయ్యకు ముద్దులు. మీకు కోటి వందనాలు.

మీ
హన్నా


బందరు,
20-2-1963

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి హన్నాకు, చిరంజీవి ప్రకాశరావుకు,

ఆశీస్సులు. ఈ ఉత్తరం కుడి కంటితో రాస్తున్నాను. కట్టు విప్పిన రోజు మొదట మీ అత్తయ్య మొహం చూశాను. ఎన్నాళ్ళకు సరిగ్గా చూశారని ఆవిడ అడిగింది, పోట్లాట అక్కడే మొదలైంది, ఇల్లు మామూలుగానే ఉంది.

హైదరాబాదు వేధశాల నుంచి జవాబొచ్చింది. చుక్క వెలుగును కరెంటుగా మార్చి కొలిచే యంత్రం ఉంది వాళ్ళ దగ్గర. దానితో మన చుక్కను నాలుగు రాత్రులు చూశారట. పోయిన ఏడు పద్నాలుగు నిమిషాలున్న ఆలస్యం ఇప్పుడు తొమ్మిదికి తగ్గింది. మనమనుకున్నట్టే మన చుక్క అవతలి గట్టు దాకా వెళ్ళి ఇటు తిరిగింది. కనపడని ఆ రెండో చుక్క సూర్యుడి బరువులో సగానికి కాస్త పైన తూగుతోంది. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియని సంగతి అది. వేధశాల వారు దాన్ని అచ్చు వేస్తామంటున్నారు, చూసినవారి పేర్లు పంపమన్నారు. మూడు పేర్లు రాసి పంపాను. ప్రకాశరావూ, నీ పేరు వద్దని మొహమాటపడకు, టైము నువ్వు చదివావు.

ఇక ఈ ఉత్తరం అసలు సంగతి. పెళ్ళయ్యాక మీరు పంపిన లెక్కలు గ్రాఫు మీద వేశాను. డిసెంబరులో కాస్త గెంతుతున్నాయి. జనవరిలో మరీ దారుణం. అయిదేసి నిమిషాలకు చూడాల్సింది ఒకచోట పావుగంట ఖాళీ, ఇంకోచోట అరగంట ఖాళీ. ఒక పేజీలో ఏడుచోట్ల "టైము తప్పింది" అని ఉంది. ప్రకాశరావు చూడనిది చూశానని రాయడు కాబట్టి అవి నిజంగానే తప్పి ఉంటాయి. ఏమైందో తెలియక కంగారుపడుతుంటే మా అమ్మ ఎవరి చేతో రాయించిన కార్డు వచ్చింది. "దుర్భిణి ఒక పక్క, వీళ్ళిద్దరూ ఒక పక్క, పొద్దుపోయేదాకా ఒకటే మాటలు, నేను దుప్పటి ముసుగేసుకుని పడుకుంటున్నాను" అని ఉంది అందులో.

ఆ రాత్రులన్నీ లెక్కలోంచి తీసేశాను. ఇన్నేళ్ళలో ఇంత పనికిమాలిన కాగితాలు నా దగ్గరకు రాలేదు, ఏ కాగితాలు చూసీ నేను ఇంత సంతోషపడలేదు. మీ అత్తయ్యకు కూడా చూపించాను, గ్రాఫు అర్థం కాకపోయినా ఖాళీలు అర్థమయ్యాయి.

చుక్క ఎక్కడికీ పోదు. మీరు మాట్లాడుకోండి.

మీ మావయ్య
సత్యానందం